పదిహేను క్లిక్కులు తిప్పినా ఇంకా నాలుగు సెంటీమీటర్లు కిందే

ఇవాళ రైఫిల్ స్కోపు (గురి చూసే దుర్భిణి) సరిచేస్తుంటే, వంద మీటర్ల టార్గెట్ మీద గుండు ఒకటిన్నర మిల్ (కోణం కొలత) కింద పడింది. రెటికిల్ (స్కోపులో కనిపించే గురి గుర్తు) గీతల్లోనే కొలిచి, క్లిక్కుకి 0.1 మిల్ అనుకుని టరెట్ (గురి సరిచేసే తిప్పుడు మీట) పైకి పదిహేను క్లిక్కులు. తర్వాతి గుండు ఇంకా నాలుగు సెంటీమీటర్లు కిందే.

టరెట్ మూత మీద చిన్న అక్షరాలు: క్లిక్కుకి పావు ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, ఇంకో కోణం కొలత). రెటికిల్ ఏమో మిల్. ఒకే స్కోపులో రెండు భాషలన్నమాట!

మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు. వంద మీటర్లకి 10 సెంటీమీటర్లు, 0.1 మిల్ క్లిక్కుకి ఒక సెంటీమీటరు. ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు. వంద మీటర్లకి 2.9 సెంటీమీటర్లు, పావు క్లిక్కుకి 0.73 మాత్రమే. పదిహేను క్లిక్కులకి వచ్చింది 11 సెంటీమీటర్లు, కావలసింది 15.

ఒక మిల్‌కి 3.44 ఎంఓఏ. ఒకటిన్నరకి 5.16, అంటే దాదాపు 21 క్లిక్కులు. ఇంకో ఆరు తిప్పితే సరిపోయింది.

గుండు తగిలిన చోటు రెటికిల్‌లోనే కొలిచి, అదే యూనిట్ టరెట్ మీద తిప్పితే సెంటీమీటర్ల లెక్కే అక్కర్లేదు. అందుకే ఈ కలగాపులగం స్కోపులంటే చిరాకు.

అన్నట్టు, రెటికిల్ రెండో ఫోకల్ ప్లేన్‌లో ఉంటే (అంటే జూమ్ మార్చినా గీతల సైజు మారకపోతే) గీతల కొలత ఒక్క మాగ్నిఫికేషన్ దగ్గరే నిజం, ఎక్కువగా గరిష్ఠం దగ్గర. సగానికి తగ్గిస్తే ఒక మిల్ గీత రెండు మిల్స్ అవుతుంది.