చిప్పుల ఫ్యాక్టరీకి మనకేం తక్కువ?

హన్మకొండకు ఫోన్ చేస్తే మా చిన్నాయన అడిగేది ఒకటే: "ఎన్ఐటీ ఉన్నది, జాగ ఉన్నది, చిప్పుల ఫ్యాక్టరీ పెట్టడానికి మనకేం తక్కువరా?" తైవాన్‌లోని షిన్‌చూలో ఫోన్లకు, కంప్యూటర్లకు చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నా కాబట్టి జవాబు నా దగ్గరే ఉందని ఆయన నమ్మకం.

ఊళ్లో అందరూ నేను చిప్పులు డిజైన్ చేస్తాననుకుంటారు. అదేం లేదు. వాక్యూమ్ పంపులు, వాల్వులు, గ్యాస్ లైన్లు చూసుకోవడం నా పని. ఒళ్లంతా కప్పే సూటు, నైట్ షిఫ్టు, పొద్దున్నే చైనీస్‌లో మీటింగ్ (జోకులు నాకింకా అర్థం కావు). ఒక వేఫర్ (చిప్పులు చెక్కే పలుచని సిలికాన్ బిళ్ల) చిప్పులుగా తయారై రావడానికి నెలలు పడుతుంది, మధ్యలో కరెంటు రెప్పపాటు ఊగినా మిషన్‌లో ఉన్న సరుకు పాడయ్యే ప్రమాదం ఉంది.

నాకు ఆశ్చర్యం కలిగించింది మాత్రం ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న చిన్న చిన్న కంపెనీలు. బోరు మోటారు కాలితే సాయంత్రానికల్లా వైండింగ్ చేసిచ్చే మనిషి వరంగల్‌లో దొరికినట్టే, ఇక్కడ పంపు మొరాయిస్తే విప్పి బాగుచేసేవాళ్లు, సీల్ తెచ్చేవాళ్లు, గ్యాస్ లీకు పట్టేవాళ్లు అంతా దగ్గర్లోనే ఉంటారు. ఇదంతా ఒక్కనాడు రాలేదు. 1976లో తైవాన్‌వాళ్లు అమెరికాలోని ఆర్‌సీఏ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ నుంచి టెక్నాలజీ తీసుకుని, కుర్ర ఇంజనీర్లను అక్కడికి పంపి నేర్పించారు. 1980లో షిన్‌చూలో సైన్స్ పార్కు, 1987లో చిప్పులు తయారుచేసే టీఎస్ఎంసీ కంపెనీ వచ్చాయి. మనమూ అదే కాలంలో మొహాలీలో చిప్పుల ఫ్యాక్టరీ మొదలుపెట్టాం, 1989లో ఆ ఫ్యాక్టరీ అగ్గిపాలైంది, తర్వాత మళ్లీ లేచి నిలబడడానికి ఏళ్లు పట్టింది.

చిప్పుల ఫ్యాక్టరీల కోసం కేంద్రం 2021లో 76,000 కోట్ల పథకం పెట్టింది. గుజరాత్‌లోని ధోలేరాలో టాటావాళ్లు ఇక్కడి పీఎస్ఎంసీ కంపెనీతో కలిసి కడుతున్నది అసలు ఫ్యాబ్, అంటే చిప్పులు తయారయ్యే ఫ్యాక్టరీ; అక్కడే సాణంద్‌లో అమెరికా కంపెనీ మైక్రాన్‌ది తయారైన చిప్పుల ప్యాకింగు, టెస్టింగు. మన వాట్సాప్ గ్రూపుల్లో రెండూ ఒకటే!

నీళ్ల సంగతి చెప్తే చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. 2021 కరువులో ఇక్కడ వేల హెక్టార్ల వరికి నీళ్లు ఆపి, రైతులకు పరిహారమిచ్చి, ఫ్యాక్టరీలను నడిపించారు. ఎస్సారెస్పీ కాలువ బంద్ చేసి చిప్పులకిస్తామంటే ధర్నాకు ముందు కూర్చునేది ఆయనే.

నన్నడిగితే వరంగల్‌కు ఫ్యాబ్ అక్కర్లేదు. కాజీపేట షెడ్డులో రైలింజన్లు విప్పి బిగించే చేతులున్న ఊరు కదా, మన పాలిటెక్నిక్‌లలో వాక్యూమ్, గ్యాస్ పైపింగ్, క్లీన్‌రూమ్ (దుమ్ము చొరబడని గది) పనులు నేర్పితే ధోలేరాకైనా ఇక్కడికైనా మనవాళ్లే పోతారు. మా అక్క కొడుకుకు ఇదే చెప్పిన. "ప్యాకేజ్ ఎంత మామా?" అన్నడు. మొదట్లో సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే అని ఉన్నది ఉన్నట్టు చెప్పిన, ఇంకా ఆలోచిస్తున్నడట.