నా ఫ్రోజెన్ షోల్డర్: ఏ చెయ్యి ఎప్పుడు పనికొచ్చింది

ఫ్రోజెన్ షోల్డర్ (భుజం జాయింట్ నొప్పితో బిగుసుకుపోయి చెయ్యి లేవకపోవడం) వచ్చిందని చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా "గట్టిగా నలిపించుకో, ఒక్కసారి లాగించేస్తే వదిలిపోతుంది" అంటారు. నొప్పి మొదలైన కొత్తలో దయచేసి ఆ పని చెయ్యకండి. మసాజ్ దండగ అని నేను అనట్లేదు, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టిందంటే చేత్తో చేసిన వైద్యం వల్లే, కాకపోతే ఏ దశలో ఎక్కడ ఎంత ఒత్తిడి పెట్టాలన్నదే అసలు సంగతి.

నాకు వచ్చింది కుడి భుజానికి. దెబ్బ తగల్లేదు, బరువులు మొయ్యలేదు, ఏమీ లేదు. మొదట్లో నొప్పి భుజంలో కూడా కాదు, జబ్బ మధ్యలో ఎక్కడో సలుపు. తర్వాత తర్వాత వెనక హుక్ పెట్టుకోలేకపోవడం, జుట్టు దువ్వుకోవాలంటే తలనే చేతి దగ్గరికి వంచాల్సి రావడం, ఇక రాత్రి ఆ పక్కకి తిరిగితే చాలు ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని. తెలీక విసురుగా చెయ్యి చాపితే కళ్ళు బైర్లు కమ్మేవి, కాసేపు నోట మాట వచ్చేది కాదు. పైకి వాపు లేదు, ఎరుపు లేదు, చూసేవాళ్ళకి ఏం కనపడదు, అందుకే ఎంత నొప్పో ఇంట్లోవాళ్ళకి చెప్పి నమ్మించడం కూడా కష్టమే.

డాక్టర్ గారు చేసిన పరీక్ష చాలా చిన్నది. మోచెయ్యి నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పమన్నారు, తిరగలేదు. అప్పుడు ఆయనే పట్టుకుని మెల్లగా తిప్పబోయారు, అయినా తిరగలేదు. భుజం కండరం తెగినవాళ్ళకయితే వాళ్ళంతట వాళ్ళు ఎత్తలేకపోయినా పక్కవాళ్ళు ఎత్తితే మామూలుగా లేస్తుందట, ఇక్కడ ఎవరు కదిపినా కదలట్లేదు కాబట్టి జాయింట్ చుట్టూ ఉండే పొర బిగుసుకుపోయిందని చెప్పారు. ఎక్స్‌రే నార్మల్‌గానే వచ్చింది, అది తీసింది అరుగుదల లాంటివి లేవని చూసుకోవడానికే. నాకు ముందే షుగర్ ఉంది, ఆ విషయం చెప్పగానే ఆయన తలూపారు, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ వస్తుంది, 40 నుంచి 60 ఏళ్ళ మధ్య, అందులోనూ ఆడవాళ్ళకి ఎక్కువ. 1934లో కాడ్‌మన్ అనే అమెరికన్ సర్జన్ దీనికి ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టాడు, బిగుసుకునేది ఆ పొరేనని 1945లో నెవియాజర్ అనే ఇంకో సర్జన్ రాశాడు. ఇన్నేళ్ళయినా ఇది ఎందుకు మొదలవుతుందో పూర్తిగా తేలలేదు.

ఉతికాక కుంచించుకుపోయిన జాకెట్టులో చెయ్యి ఎంత లేస్తుందో అంతే లేస్తుంది, లోపల పొర అలా అయిపోతుంది. ముందు నొప్పి ఎక్కువుండే దశ, తర్వాత నొప్పి తగ్గి బిగుతు మిగిలే దశ, ఆ తర్వాత నెమ్మదిగా వదిలే దశ, అన్నీ కలిపి ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పట్టొచ్చు.

నా నొప్పి దశ మంచి జోరు మీద ఉన్నప్పుడు బంధువుల మాట మీద ఒకచోటికి వెళ్ళాం. అక్కడాయన నూనె రాసి బొటనవేళ్ళతో భుజం ముందు భాగాన్ని గుచ్చి గుచ్చి నలిపి, చివర్లో చెయ్యి పట్టుకుని ఒక్కసారిగా పైకి లాగాడు. నేను అరిచాను, "నొప్పి వస్తేనే లోపలి విషాలన్నీ బయటికి పోతాయి" అన్నాడు. కండరాన్ని నలిపితే విషాలు కరిగి బయటికి పోవడం అనేది ఏమీ ఉండదండీ, రక్తాన్ని శుభ్రం చేసే పని కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయి. వాపులో ఉన్న పొరని అలా లాగితే ఇంకా రెచ్చిపోతుంది, ఆ తర్వాత కొన్ని వారాలు నేను కుర్చీలో కూర్చునే నిద్రపోయాను, ఆ రాత్రులు ఎలా గడిచాయో నాకే తెలుసు.

తర్వాత దొరికిన ఫిజియోథెరపిస్ట్ మేడమ్ మొదటి రోజు నా భుజం జాయింట్‌ని దాదాపు ముట్టుకోనే లేదు. నన్ను ఎడమ పక్కకి పడుకోబెట్టి కుడి చేతి కింద దిండు పెట్టి, రెక్క ఎముక చుట్టూ, మెడ నుంచి భుజానికి దిగే కండరం మీద, ఛాతీ పైభాగంలో మెల్లమెల్లగా అరచేత్తో ఒత్తారు. "అమ్మా, జాయింట్ కదలట్లేదు కాబట్టి ఆ పనంతా మీ మెడ, వీపు మొయ్యాల్సి వస్తోంది, ముందు వాటికి రెస్ట్ ఇద్దాం" అన్నారు. నిజమే, నాకు తలనొప్పి కూడా ఉండేది, చెయ్యి ఎత్తాలనుకున్న ప్రతిసారీ భుజం మొత్తం చెవి దాకా లేపేదాన్ని, అది నాకు తెలియనే లేదు. ఆ రోజు ఇంటికొచ్చాక చెయ్యి ఒక్క అంగుళం కూడా ఎక్కువ లేవలేదు కానీ మెడ తేలికయిపోయింది, మంచం మీద పడుకుని నిద్రపోయాను, మా ఆయన పొద్దున్నే లేపడానికి కూడా భయపడ్డారు.

చంక లోపల రెక్క ఎముకకి ముందు వైపు అంటుకుని ఒక కండరం ఉంటుంది, సబ్‌స్కాప్యులారిస్ అంటారు. మేడమ్ ముందే అడిగి, చెప్పి, వేళ్ళు మెత్తగా అక్కడ ఆనిస్తే నొప్పి నాకు మణికట్టు దగ్గర తెలిసింది! ఆశ్చర్యపోయాను. ఒకచోట నొక్కితే ఇంకోచోట నొప్పి తెలిసే ఇలాంటి చోట్లని ట్రిగ్గర్ పాయింట్లు అంటారు, జానెట్ ట్రావెల్ అనే డాక్టర్ వీటికి మ్యాపులే గీయించారు, ఆవిడ అమెరికా ప్రెసిడెంట్ కెనెడీకి వైట్ హౌస్‌లో డాక్టర్‌గా చేశారు. అసలు ఈ పాయింట్లు ఏంటన్న దాని మీద వాదనలు ఇంకా ఉన్నాయి, నాకు మాత్రం అక్కడ కాసేపు ఆనించి ఊపిరి వదిలితే కండరం సడలడం స్పష్టంగా తెలిసేది. సర్జరీకి వచ్చిన కొద్దిమంది ఫ్రోజెన్ షోల్డర్ పేషెంట్లకి మత్తు ఇచ్చి చూస్తే మెలకువలో కంటే చెయ్యి ఎక్కువ లేచిందట, అంటే బిగుతంతా పొరదే కాదు, నొప్పి భయంతో కండరాలు బిగపట్టుకోవడం కూడా కొంత ఉంటుంది, చేతి వైద్యం పనిచేసేది ఎక్కువగా అక్కడే అని నాకు అర్థమయింది.

జాయింట్‌ని కదపడంలో కూడా గ్రేడ్లు ఉంటాయి, మెయిట్‌లాండ్ అనే ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్ట్ పేరుతో వాడతారు. 1, 2 గ్రేడ్లు అంటే బిగుతు తగలకముందే ఆపేస్తూ చిన్నగా ఊపడం, ఇది నొప్పి తగ్గడానికి. 3, 4 అంటే బిగుతు దాకా తీసుకెళ్ళడం, ఇది నొప్పి తగ్గి బిగుతు మాత్రమే మిగిలినవాళ్ళకి. మేడమ్ నాకు చాలాకాలం 1, 2 దాటలేదు, తొందరెందుకని ఓ పరిశోధన గురించి చెప్పారు. నెదర్లాండ్స్‌లో 77 మంది మీద చేసింది, 2004లో వచ్చింది. నొప్పి దాటకుండా మెల్లగా కదిపినవాళ్ళలో 89 శాతం మందికి రెండేళ్ళకి భుజం దాదాపు మామూలయితే, నొప్పి దాటి గట్టిగా సాగదీయించుకున్నవాళ్ళలో 63 శాతం మందికే అయింది. ఇది విన్నాక నాకు కోపం వచ్చింది, ఇంత తేడా ఉంటే మనకి అందరూ లాగించుకోమనే ఎందుకు చెప్తారు?

మధ్యలో డాక్టర్ గారు జాయింట్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, నొప్పి దశలో అది బాగా పనిచేస్తుంది, కాకపోతే కొన్ని రోజులు షుగర్ పెరిగింది, షుగర్ ఉన్నవాళ్ళు ముందే అడిగి తెలుసుకుని రోజూ చెక్ చేసుకోవాలి. ఆ ఇంజెక్షన్ తర్వాత మేడమ్ చెయ్యి ఇంకాస్త లోపలికి వెళ్ళగలిగింది. ఇంట్లో నేను చేసేది ఒక్కటే, ముందుకి వంగి చెయ్యి వేలాడేసి లోలకంలా ఊపడం, అది కూడా కాడ్‌మన్ పేరుతోనే ఉంది.

బిగుతు దశలోకి వచ్చాక ఒత్తిడి పెంచారు. నొప్పి పదికి ఎంత అని అడుగుతూ చేసేవారు, నాలుగు దాటితే చెయ్యి వెనక్కి తీసేవారు, మర్నాటికి కూడా సలుపుతోందంటే ఆ రోజు ఎక్కువ చేసినట్టే అని చెప్పేవారు. మంచి చెయ్యి అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తు, ఎంత బలంగా నొక్కారన్నది కాదు, అడుగుతున్నారా లేదా, ఆపమంటే ఆపుతున్నారా లేదా. జ్వరం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, చెయ్యి మొద్దుబారడం లేదా పట్టు తప్పడం ఉంటే, దెబ్బ తగిలాక నొప్పి మొదలైతే, మసాజ్ టేబుల్ ఎక్కకముందే డాక్టర్‌ని కలవండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. ఎడమ భుజం నొప్పికి ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం తోడైతే నేరుగా ఎమర్జెన్సీకే పోవాలి.

ఇప్పుడు నా చెయ్యి తల మీదికి పూర్తిగా లేస్తుంది, వెనక హుక్ పెట్టుకోగలను, కాకపోతే వీపు మీద కుడి బొటనవేలు ఎడమ బొటనవేలంత పైకి పోదు. కొందరికి ఏళ్ళు గడిచినా ఆ కాస్త బిగుతు ఉండిపోతుందట. కొన్నేళ్ళలో రెండో భుజానికి కూడా రావొచ్చని డాక్టర్ గారు ముందే చెప్పారు, అందుకే ఎడమ చెయ్యిని స్నానం తర్వాత మోచెయ్యి నడుముకి ఆనించి బయటికి తిప్పి చూసుకుంటాను, షుగర్ అదుపులో పెట్టుకుంటున్నాను. ఎక్కువసేపు స్క్రీన్ ముందు కూర్చుని మెడ పట్టేస్తే అదే మేడమ్ దగ్గరికి వెళ్తాను.