నూనె రైలు నడిచిన దారిలో, నాన్నతో సైకిల్ మీద

దక్షిణ స్పెయిన్‌లో హాయెన్ పట్నం అంచున మొదలై ప్వెంతే హెనిల్ వైపు 128 కిలోమీటర్లు పోయే సైకిల్ దారి ఒకటుంది. వియా వెర్దే దెల్ అసేయితే అంటారు, అంటే నూనె పచ్చదారి. కార్లకీ బైకులకీ దాని మీద ప్రవేశం లేదు. ఒకప్పుడు ఆలివ్ నూనె మోసిన రైలు మార్గమది. 1890లలో వేశారు, 1980ల నడుమ మూసేశారు. పట్టాలు పీకేశాక మిగిలిన కట్ట మీదే ఇప్పుడు సైకిళ్లు తిరుగుతున్నాయి. ఆ దేశంలో 1993 నుంచి ఇలా మూతబడ్డ లైన్లను నడక దారులుగా, సైకిల్ దారులుగా మారుస్తూ వస్తున్నారు. అన్నీ కలిపితే ఇప్పుడు మూడు వేల కిలోమీటర్ల పైమాటే.

నేను ఉద్యోగం కోసం మాడ్రిడ్‌లో ఉంటున్నాను. నాన్న రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. మీటర్ గేజి రోజుల్లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో బళ్లు నడిపిన మనిషి. వీసా కాగితాల గోల తీరి మా ఇంటికి వచ్చాక, రాజభవనాలూ మ్యూజియాలూ చూపిస్తే మర్యాదకి తల ఊపారు తప్ప ముఖంలో ఏమీ కనిపించలేదు. "పాత రైలు లైను మీద సైకిల్ తొక్కుదామా నాన్నా?" అన్నాక మాత్రం మొట్టమొదటి ప్రశ్న వేశారు: "గ్రేడియంట్ ఎంత?" దారి ఎంత వాలుగా ఎక్కుతుందని.

రెండు మూడు శాతానికి మించదు. నూనె వ్యాగన్లు లాగే ఆవిరి ఇంజను అంతకన్నా ఎక్కలేదు కాబట్టి. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు కూడా ఈ దారుల్లో తిరగగలగడానికి కారణం అదే. అయినా నాన్నకి మోటారు సాయం ఉన్న సైకిలే తీసుకున్నాను. తొక్కితేనే సాయం చేస్తుంది, గంటకి 25 కిలోమీటర్లు దాటగానే మానేస్తుంది. మాడ్రిడ్ నుంచి సైకిళ్లు రైల్లో తేవాలంటే బోగీకి ఇన్నే అని లెక్క ఉంటుంది. అందుకని అక్కడే అద్దెకి మాట్లాడాను. హాయెన్‌లో మాకు ఇచ్చి, దారి చివరికి ముందు వచ్చే లుసేనా ఊళ్లో వ్యానుతో వచ్చి తీసుకెళ్లేట్టు ఒప్పందం. అద్దెకన్నా ఆ వ్యాను ఖర్చే బాధ. ఇద్దరు కాకుండా నలుగురు వెళితే అది కలిసొస్తుంది.

కాలం ఎంచుకోవడం తేలికే. జూలై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కట్ట మీద నీడ ఉండదు, ఆలివ్ చెట్టు నీడ మేకకి కూడా చాలదు. మే నెలలో ఆలివ్ పూత. ఆ పుప్పొడికి హాయెన్ పెట్టింది పేరు, తుమ్ములున్నవాళ్లు ఆ నెల అటు పోకూడదు. నవంబరు నుంచి కోత మొదలవుతుంది. చెట్ల కింద వలలు పరిచి, మొదలుకి యంత్రం తగిలించి దులుపుతారు, కర్రలతోనూ కొడతారు. చూడటానికి బాగుంటుంది కానీ పొద్దు చిన్నది, వానలు ఎక్కువ. మేము ఏప్రిల్‌లో వెళ్లాం.

ఇక అసలు సంగతి. ఈ దారిలో దూరం లెక్క కాదు, స్టేషనుకీ ఊరికీ మధ్య ఎత్తు లెక్క. లైను వేసినవాళ్లు ఊళ్ల కోసం వంపులు తిరగలేదు. కొండ పాదం పట్టుకుని, ఇంజనుకి కుదిరిన ఎత్తులోనే పోయారు. ఊళ్లేమో శత్రువులకి భయపడి ఎప్పుడో కొండ నెత్తిన కట్టుకున్నవి. అందుకని రోజంతా చదునుగా తొక్కి, సాయంత్రం మంచం దగ్గరికి చేరే ఆఖరి కిలోమీటరులో గుండె నోట్లోకి వస్తుంది. బస వెతికేటప్పుడు మ్యాపులో దారికి ఎంత దూరమో చూస్తే చాలదు, ఎంత పైన ఉందో కూడా చూసుకోవాలి.

రెండో లెక్క వంటింటి గంటలది. మధ్యాహ్నం ఒకటిన్నర, నాలుగు మధ్య భోజనం దొరుకుతుంది. తరవాత పొయ్యి ఆరిపోతే మళ్లీ వెలిగేది రాత్రి ఎనిమిదిన్నరకి. సోమవారాలు చాలాచోట్ల పూర్తిగా మూత. దారిలో నీళ్ల కుళాయిలు అరుదు. నేను రాసుకున్న ప్రణాళికలో కిలోమీటర్లకి ఒక గడే ఉంది, తిండికీ నీళ్లకీ నాలుగు గడులు. మా ఇద్దరికీ మాంసం లేదు. శాకాహారమని చెబితే సలాడ్‌లో ట్యూనా చేప వేసి నవ్వుతూ తెచ్చి పెడతారు, అది వాళ్ల దృష్టిలో మాంసం కాదు. "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్" (మాంసం వద్దు, చేప వద్దు, పంది మాంసం వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పాలి. అలా చెబితే సాల్మొరేహో దొరుకుతుంది: టమాటా, రొట్టె, వెల్లుల్లి, నూనె కలిపి రుబ్బిన చల్లటి చిక్కటి పులుసు. పైన గుడ్డూ పంది మాంసం తునకలూ చల్లకముందే ఆపాలి. పొద్దున కాల్చిన రొట్టె మీద టమాటా గుజ్జు, నూనె. హాయెన్ వైపు పండేది పిక్వాల్ రకం కాయ. దాని తాజా నూనె చేదుగా ఉండి, మింగాక గొంతులో మిరియం కొరికినట్టు మండుతుంది. నాన్న మొదటి రోజు దగ్గారు. మర్నాటినుంచి సీసా తన పక్కనే పెట్టుకున్నారు, కారప్పొడి పొట్లం తీయడం మానేశారు.

హాయెన్ దాటాక తొర్రెదెల్‌కాంపో, తొర్రెదొన్‌హిమెనో, మార్తోస్ వరసగా వస్తాయి. ఊరి దగ్గర సాయంత్రం నడకకి వచ్చిన పెద్దవాళ్లు, ఊరు దాటితే ఎవరూ లేరు. మార్తోస్ వెనక ఒంటి రాతి కొండ చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. ఆ తరవాత ఎటు చూసినా ఆలివ్ చెట్లే, వరస తప్పకుండా. హాయెన్ ప్రాంతంలోనే ఆరు కోట్లకు పైగా చెట్లున్నాయట. నిజం చెప్పాలంటే మధ్యాహ్నానికి విసుగొస్తుంది. ఒకే పంట, ఒకే రంగు, పిట్ట కూత కూడా తక్కువ. 2022లో వానలు మోసం చేస్తే దేశం మొత్తంలో నూనె దిగుబడి సగానికి పైగా పడిపోయి, మాడ్రిడ్‌లో మా వీధి దుకాణంలో నూనె సీసాలకి దొంగతనం జరక్కుండా అలారం బిళ్లలు తగిలించారు. ఒక్క పంట మీద ఇంత నేల ఆధారపడితే ఏమవుతుందో ఆ కొండలు చూస్తే అర్థమవుతుంది.

నాన్నకి మాత్రం విసుగు లేదు. ఆయన చెట్లని చూడనే లేదు. "ఈడ కట్టింగ్ చూడు, చేత్తో తవ్వినారు." "ఈ మలుపులో కాంట్ ఇచ్చింటారు," అంటే బయటి పట్టా కాస్త ఎత్తు చేసుంటారని. కిలోమీటరు రాయి కనబడితే దిగి తుడిచేవారు. ఆల్కౌదేతే తరవాత దారి గ్వాదహోస్ నది వైపు దిగుతుంది. హాయెన్, కొర్దొబా ప్రాంతాలకి హద్దు అక్కడే. నది మీద రెండు వందల మీటర్లకు పైగా పొడవున్న ఇనుప వంతెన. నాన్న సైకిల్ దిగి, రివెట్ల మీద చెయ్యి వేసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు. నేను నీడలో కూచుని నారింజ ఒలుచుకున్నాను. తిరిగొచ్చి అన్నారు: "మన దొరబావి వంతెన కూడా ఇట్లే, ఎత్తు మీద ఇనుప గర్డర్లు. గేజి మార్చినాక దాన్ని వదిలేసినారు. ఆడ ఇట్ల సైకిల్ దారి ఏసింటే జనం రారా?" నల్లమలలో చెలమ దగ్గరి వంతెన గురించి ఆయన చెబుతున్నది. వస్తారనే అన్నాను. మధ్యలో పులులు కూడా వస్తాయని గుర్తుచేశాను.

నది దాటాక మళ్లీ ఎక్కుడు. ఆ రాత్రి వాన పడింది. ఈ నేల తేమ తగిలితే చాలు, బంకమన్ను అయిపోతుంది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మన్ను మేటవేసి చక్రం తిరగనే తిరగదు. కిలోమీటరుకోసారి ఆగి పుల్లతో గోకాం. వాన పడ్డ మర్నాడు పదకొండు దాకా బయలుదేరకపోవడం ఉత్తమం, గాలికి త్వరగానే ఆరుతుంది. మడ్‌గార్డు లేని సైకిల్ దొరికితే ఇంకా మంచిది.

లూకే స్టేషను ఇప్పుడు రెస్టారెంటూ, నూనె దుకాణమూ. ఒకప్పుడు పక్క ఊరు బాయెనాకీ అదే స్టేషను. రెండు ఊళ్లకీ దూరమే. అక్కడికి దగ్గర్లో ఒక ఉప్పు మడుగు ఉంది, నీళ్లున్న ఏడాది ఫ్లెమింగోలు దిగుతాయి. మాకు దూరంగా గులాబీ మచ్చలు కనిపించాయి, అవి పక్షులే అని నాన్న, కాదని నేను. తరవాత సుయేరోస్. రాతి మీద కోట, దాని కింద తెల్లటి ఇళ్లు. మా బస అక్కడే. దారి నుంచి ఊళ్లోకి ఎక్కే రోడ్డులో నేను దిగి సైకిల్ తోసుకుంటూ వెళ్లాను. నాన్న మోటారు సాయంతో తొక్కి నన్ను దాటి పోయి, పైన మేక జున్ను అమ్మే అంగడి ముందు నిలబడి గడియారం చూపించారు. గార్డు బుద్ధి.

దోన్యా మెన్సియా, కాబ్రా మధ్య మరో ఇనుప వంతెన, చిన్న సొరంగం. కాబ్రా స్టేషనులో ఈ రైలు గురించి చిన్న ప్రదర్శనశాల, బయట పాత ఇంజను. ఆ ఇంజను దగ్గర ఎంతసేపు గడిచిందో రాయను, లుసేనాలో వ్యాను మా కోసం ఎదురు చూడాల్సి వచ్చిందని మాత్రం చెబుతాను. ప్వెంతే హెనిల్ దాకా పోలేదు. లుసేనా నుంచి కొర్దొబాకి బస్సు సులువు, ఆ ముక్క మేము వదిలేసుకున్నాం.

బస్సులో వచ్చే ఏడాది సంగతి ఎత్తాను. పశ్చిమాన ఒల్వేరా, ప్వెర్తో సెర్రానో ఊళ్ల మధ్య ఇంకో దారి ఉంది: 36 కిలోమీటర్లు, 30 సొరంగాలు, దారి పక్కన రాబందులు గూళ్లు కట్టే పెద్ద కొండ. అన్నీ విని నాన్న అడిగారు, "ఆడ ఏ బండి నడిచేది?" ఏ బండీ నడవలేదు, 1920లలో మొదలుపెట్టి సొరంగాలు తవ్వి, పట్టాలు వేయకుండానే వదిలేశారని చెప్పాను.

"బండే నడవని లైను మీద నాకేం పనమ్మా," అని కిటికీ వైపు తిరిగారు. కాసేపాగి, "సొరంగాలు ఎన్ని అన్నావు?" అన్నారు.