చాన్సరీ లేన్ నేలమాళిగలో వెండి గుడ్లగూబ

మెట్లు దిగుతున్నంతసేపూ నా చెయ్యి జేబులోని భూతద్దం మీదే ఉంది. అంతకు ముందు ఏడాది, విక్టోరియా కాలం నాటి వెండి కుక్క అంటే నమ్మి ఒకరి దగ్గర కొన్నాను. ఇంటికొచ్చి తిరగేస్తే పొట్ట కింద ఈపీఎన్ఎస్ అని ఉంది. అంటే వట్టి వెండి పూత. స్వచ్ఛత, ఊరు, ఏడాది తెలిపేలా వెండి మీద కొట్టే ముద్రలు చదవడం నేర్చుకున్నాకే ఈసారి లండన్ ప్రయాణం పెట్టుకున్నాను.

నేను దిగిన ఆ నేలమాళిగ, లండన్ సిల్వర్ వాల్ట్స్, 1876లో విలువైన వస్తువులు దాచుకునే లాకర్లుగా మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి పైన భవనం పోయినా కింది గదులు చెక్కుచెదరలేదు. ఇప్పుడు అవన్నీ వెండి కొట్లు. గుర్రాలు, నక్కలు, వేటకుక్కలు ఎన్ని చూశానో! ఒక అరలో గుడ్లగూబ కనపడ్డాక ఇంక కాలు కదల్లేదు.

అది భోజనాల బల్ల మీద ఆవముద్ద పెట్టుకునే గిన్నె. తల వెనక్కి తెరుచుకుంటుంది. ఆవ ఘాటుకి వెండి పాడవకుండా లోపల గాజు గిన్నె. కళ్లు కూడా గాజువే. చెంచా కాడ చివర చిట్టి ఎలుక. చెంచా లోపల పెట్టి మూత వేస్తే గుడ్లగూబ ఎలుకని నోట కరుచుకున్నట్టే ఉంటుంది.

కొట్టులోని పెద్దావిడ "చేతిలోకి తీసుకుని చూడండి" అంది. వీపు మీద ఒక్కో ఈకా వేలికి తగులుతోంది. పండగొస్తే మనం విబూదితో వెండి సామాను తళతళలాడేలా తోముతాం. వీటిని అలా తోమితే ఈకలు అరిగిపోతాయి. గీతల్లో మిగిలిన ఆ నలుపు ఉండాల్సిందే, నా కంటికి అందమంతా అక్కడే ఉంది.

తిరగేసి భూతద్దం పెట్టాను. నడుస్తున్న సింహం, అంటే 92.5 శాతం వెండి. చిరుతపులి తల లండన్‌లో పరీక్షించారనడానికి గుర్తు. ఎఫ్ అక్షరం 1881కి గుర్తు. పక్కన పన్ను కట్టినట్టు రాణి తల, 1890 తర్వాత ఆ ముద్ర వెయ్యలేదు. మూత లోపల కూడా సింహం ఉంది. చెంచా మీద మాత్రం ఎఫ్ కాదు, హెచ్. రెండేళ్ల తర్వాత చేసిన చెంచా. ఆ మాటే అన్నాను. ఆవిడ తన భూతద్దం తీసి చూసుకుని, ఒప్పుకుని, ధర కొంత తగ్గించింది.

అయినా ఎక్కువే. గుడ్లగూబని బల్ల మీద పెట్టేసి బయటికొచ్చాను. ఇంకో రెండు కొట్లు చూశాను గానీ ఏవీ కంటికి ఆనలేదు. మళ్లీ అక్కడికే వెళ్లేసరికి పెద్దావిడ చుట్టడానికి మెత్తటి కాగితం తీసి పెట్టుకుని ఉంది.