రెసిడెన్సీలో మళ్ళీ క్లాసులు జరగాలి

ఈరోజు మా మేనకోడలికి బస్‌పాస్ కోసం బోనఫైడ్ కావాలంటే తోడు వెళ్ళాను. తను చదివేది కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయంలో, అంటే ఒకప్పుడు నేను చదివిన విమెన్స్ కాలేజీయే. 2022లో యూనివర్సిటీ చేశారు, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. మా వయసు వాళ్ళం ఆటో ఎక్కితే ఇప్పటికీ విమెన్స్ కాలేజీ అనే చెప్తాం. సంతకం పెట్టే సారు భోజనానికి వెళ్ళారట, రెండున్నర తర్వాత రమ్మన్నారు. ఆ ఎండలో ఎక్కడ నిలబడతాం, కాలేజీ ఆవరణలోనే ఉన్న పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం వైపు నడిచాం.

ఎన్నిసార్లు చూసినా ఆ స్తంభాల ముందుకి రాగానే నా నడక నెమ్మదిస్తుంది. మెట్లకి రెండు వైపులా రాతి సింహాలు, పైన ఆరు పెద్ద స్తంభాలు, దాటి లోపలికి వెళ్తే దర్బార్ హాలు. నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా, అంటే వాళ్ళ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు దీన్ని, నిజాం డబ్బుతో. ప్లాన్ గీసింది మద్రాసు ఇంజనీర్లలో పనిచేసిన శామ్యూల్ రస్సెల్. తీరా కట్టించినాయన 1805లోనే కలకత్తాలో చనిపోయాడు, ఇందులో నిండుగా ఉన్నదే లేదు. 1857 జులైలో బ్రిటిష్ వాళ్ళ మీద తిరగబడి తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటేసుకొచ్చి దాడి చేసింది కూడా ఈ రెసిడెన్సీ మీదే. 1949లో ఇక్కడికి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. నాకైతే ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా గొప్ప మలుపు అదే అనిపిస్తుంది.

ఎందుకంటే వెనక తోటలో ఈ భవనానికే ఒక చిన్న నమూనా ఉంది. కిర్క్‌పాట్రిక్ పెళ్ళాడిన ఖైరున్నీసా పరదాలో ఉండేది కదా, ముందు వైపుకి వచ్చి ఇల్లు ఎలా ఉందో చూసే వీల్లేదని ఆమె కోసం ఆ బొమ్మ ఇల్లు కట్టించాడని చెప్తారు. తన ఇంటిని తను చూసుకోలేకపోయిన మనిషి! అదే ఇంటి ముందు మెట్ల మీద పల్లెల నుంచి, పాతబస్తీ నుంచి వచ్చిన ఆడపిల్లలు కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పారు, నోట్సులు రాసుకున్నారు, పోట్లాడుకున్నారు, సింహం పక్కన నిలబడి గ్రూప్ ఫొటోలు దిగారు. నేను కూడా దిగాను. నా పెళ్ళి ఫొటోల కన్నా జాగ్రత్తగా దాచుకున్నది ఆ ఫొటోనే.

తర్వాత భవనం పాడైపోతూ వచ్చింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్ళు ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చారు. ఏళ్ళ తరబడి పని జరిగి ఇప్పుడు మళ్ళీ నిలబడింది. పాత గోడకి పాత పద్ధతే కావాలి, ఇసుకతో కలిపి గానుగలో నూరిన డంగు సున్నమే కావాలి. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, ఎండ తగిలితే వదిలేస్తుంది. సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి ఉప్పు తేలి పెచ్చులూడుతుంది. మా అమ్మగారి ఊళ్ళో పాతింటికి గట్టిగా ఉంటుందని మేస్త్రి సిమెంటు ప్లాస్టరింగ్ చేశాడు, రెండో వానాకాలానికే గోడ కింద వరసంతా తెల్లగా పూసి, చెయ్యి పెడితే పొడిపొడిగా రాలింది, అప్పటి నుంచి సున్నపు పని ఎక్కడ కనిపించినా చెయ్యి పెట్టి చూడకుండా ఉండలేను.

దర్బార్ హాలు పైకప్పు నగిషీలో కాగితం గుజ్జుతో చేసిన పని ఉంది. రాళ్ళ గురించి అందరూ మాట్లాడతారు గానీ కాగితం రెండు వందల ఏళ్ళు నిలవడం చూడండి! దానికి శత్రువు నీళ్ళు. పైన ఒక్క చోట కారినా అది పోయినట్టే.

మా దానితో అన్నాను, ఇక్కడ మళ్ళీ క్లాసులు పెట్టాలే అని. అది ఒప్పుకోలేదు. "అత్తమ్మా, మళ్ళీ గోడల మీద పేర్లు గీకుతారు. ఇన్ని కోట్లు పెట్టి బాగుచేసి బెంచీలు వేస్తారా? మ్యూజియంలా ఉంచితేనే నయం."

గీకే మాట నిజమే, కాదనను. కానీ మనుషులు మసిలే గదిలో కప్పు కారితే ఆ రోజే ఎవరో ఒకరు ఆఫీసుకి వెళ్ళి చెప్తారు. తాళం వేసిన గదిలో కారితే, గబ్బిలాలకి తప్ప ఎవరికి తెలుస్తుంది? ఏ పని పెడతాం అన్నదే అసలు ప్రశ్న. కెమిస్ట్రీ ల్యాబు వద్దు, నీళ్ళూ యాసిడ్లూ అక్కడికి రానే కూడదు. పుస్తకాల ర్యాకులు పై అంతస్తులో వద్దు, పుస్తకాల బరువు మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. బాత్రూములు విడిగా కట్టిన బ్లాకులోనే ఉండాలి. వైర్లు గోడ చెక్కి లోపల వెయ్యకూడదు, రేపు తీసెయ్యాలంటే మచ్చ లేకుండా రావాలి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల కోసం పక్క నుంచి ర్యాంపు కావాలి, అదీ తీసేసే వీలున్నదే. ఇవన్నీ పోను మిగిలేది తక్కువేం కాదు. చరిత్ర వాళ్ళ సెమినార్లు, ఉర్దూ, తెలుగు కవి సమ్మేళనాలు, పీహెచ్‌డీ వైవాలు, కుర్చీలు వేసుకుని చదువుకునే గది. వైవాకి వచ్చిన పిల్ల ఆ మెట్లెక్కి లోపలికి వెళ్ళడం ఊహించుకుంటేనే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

టూరిస్టులూ రావాలి, నేనేం అడ్డు చెప్పను. వారంలో కొన్ని రోజులు వాళ్ళకి, మిగతావి పిల్లలకి. కానీ ఆడపిల్లల చదువు పేరుతో నిలిచిన చోట ఆ ఆడపిల్లలే చూసి వెళ్ళేవాళ్ళుగా మిగిలిపోతే నాకు చాలా బాధ. దున్నుకునే భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి నిలబడిన ఐలమ్మ పేరు గేటు మీద పెట్టుకుని, లోపల మంచి గదులు పిల్లలకి అందకపోతే ఎలా?

మా దానికి పూర్తిగా నచ్చజెప్పానో లేదో తెలీదు గానీ, మెట్లు దిగుతూ "అయితే మా హిస్టరీ మేడంని ఒక్క సెమినారుకి అడిగి చూస్తా" అంది. ఒక్కటి చాలదే, నెలకొకటి అడుగు అన్నాను. మూడింటికి బోనఫైడ్ చేతికొచ్చింది. ఆదివారం ఇంటికి రమ్మన్నాను, ఇద్దరం కూర్చుని వినతిపత్రం రాస్తాం, ఏ గదిలో ఏం పెట్టొచ్చో, ఏం పెట్టకూడదో వివరంగా. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సాయంత్రమే విషయం పెట్టేశాను, ఇప్పటికే ఆరుగురు సంతకం పెడతామన్నారు.