ఇంజన్ సైకిల్‌కి కొత్త ఇంజన్ కొనేముందు వెనక చక్రం చూడండి

సైకిల్‌కి బిగించుకున్న పాత ఇంజన్ పోయి కొత్తది వేయాల్సి వస్తే ఎవరైనా ముందు అడిగేది "ఎన్ని సీసీ వేయమంటారు?" అనే. ఆ ప్రశ్న ఆఖర్న అడగాలి. వెనక చక్రం ఎలాంటిది, దాని మీద పళ్ళ చక్రం ఎలా నిలబడుతుంది, బ్రేకులు ఏపాటివి అన్నవి తేలితే ఇంజన్ సంగతి సగం తేలినట్టే. వరస తిరగబడితే కొత్త ఇంజన్ నిక్షేపంలా ఉండగానే చక్రం పుల్లలు తెగుతాయి, క్లచ్ మాడుతుంది.

అసలు ఇంజన్ మార్చాల్సిందేనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. టూ స్ట్రోక్ అయితే సిలిండర్ పైకి తీసి కనెక్టింగ్ రాడ్డుని నిలువుగా లాగి చూడండి. పక్కలకి కొద్దిగా ఆడడం మామూలే. పైకీ కిందకీ ఆట ఉంటే మాత్రం క్రాంకు బేరింగ్ పోయినట్టు, ఇంజన్ మార్చడమే నయం. యాక్సిలేటర్ వదిలినా రేసు దిగడం లేదంటే క్రాంకు సీలు దగ్గర బయటి గాలి లాగుతోందేమో చూడాలి, సీళ్ళతో పోయే జబ్బు అది. పిస్టన్ రింగులు, సీడీఐ డబ్బా (ప్లగ్గుకి నిప్పురవ్వ అందించేది), మాగ్నెట్ కాయిల్ ఇవన్నీ విడిగా మార్చుకోవచ్చు. వాటి కోసం ఇంజన్, దాని సామాను కలిపి అమ్మే మొత్తం కిట్టు కొనక్కర్లేదు.

మార్చాల్సిందే అని తేలాక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2(28) ప్రకారం నాలుగు కన్నా తక్కువ చక్రాలుండి, 25 సీసీ మించని ఇంజన్ ఉన్న బండి మోటారు వాహనం కిందకి రాదు. 25 దాటిందంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. ఇంటి దగ్గర ఇంజన్ బిగించిన సైకిల్‌కి ఆ కాగితాలు పుట్టించడం దాదాపు అయ్యే పని కాదు. "80 సీసీ" అని అమ్మే కిట్టు బోరు 47 మి.మీ., స్ట్రోకు 38 మి.మీ. అంటే నిజానికి 66 సీసీ. "49 సీసీయే కదా, పర్లేదు" అనే మాట వేరే దేశాల చట్టాల నుంచి వచ్చింది, ఇక్కడ చెల్లదు. పోలీసు ఆపుతాడన్న భయం ఒక్కటే కాదండి. ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సు లేని బండి కాబట్టి వాళ్ళ ఆసుపత్రి ఖర్చంతా మీ నెత్తినే పడుతుంది. అందుకే ఇక్కడ రాసేదంతా 25 సీసీ లోపు ఇంజన్ గురించే.

అది చాలుతుందా అంటే లెక్క వేద్దాం. మనిషి, సైకిల్, ఇంజన్ కలిపి 100 కిలోలు అనుకోండి. గాలి లేనప్పుడు చదును రోడ్డు మీద గంటకి 25 కి.మీ. వెళ్ళడానికి చక్రం దగ్గర సుమారు 190 వాట్లు చాలు. అదే గంటకి 15 కి.మీ. ఎదురుగాలి ఉంటే దాదాపు 380 వాట్లు కావాలి, అంటే రెట్టింపు. మధ్యాహ్నం దాటాక అంతర్వేది వైపో ఓడలరేవు వైపో తొక్కేవాళ్ళ కాళ్ళకి ఈ లెక్క ఎప్పుడో తెలుసు. మన గోదావరి డెల్టాలో కొండలు లేవు, వాటి పని సముద్రం గాలే చేస్తుంది. ఇక వెనక 70 కిలోల బరువు వేసుకుని, 20కి 1 వాలున్న కాలవ వంతెన ఎక్కుడుని 12 కి.మీ. వేగంతో ఎక్కాలన్నా 350 వాట్లు పడుతుంది. హోండా జీఎక్స్25 తరహా 25 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 7000 ఆర్‌పీఎం (నిమిషానికి 7000 చుట్లు) దగ్గర 0.72 కిలోవాట్లు ఇస్తుంది. గేర్ బాక్సులోనూ చైన్‌లోనూ పోయేది పోగా 550 వాట్ల పైన మిగులుతుంది. డెల్టాకి ఇది ధారాళంగా సరిపోతుంది, గేరు లెక్క సరిగ్గా ఉంటే.

ఆ గేరు లెక్క దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటున్నారు, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. 25 సీసీ ఇంజన్లన్నీ గడ్డి కోసే మిషన్లకి, స్ప్రేయర్లకి తయారైనవి. వీటికి చేత్తో పట్టే క్లచ్ ఉండదు. వేగం పెరిగాక క్లచ్ ముక్కలు బయటికి విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. ఆ పట్టు పూర్తిగా కుదిరేది సుమారు 4000 ఆర్‌పీఎం దగ్గర. అంతకు లోపు క్లచ్ జారుతూనే ఉంటుంది, జారినంతసేపూ కాలుతూనే ఉంటుంది.

28 అంగుళాల పెద్ద సైకిల్ చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు వస్తుంది. మీ చక్రానికి ఎంతో మీరే కొలుచుకోండి: టైరు మీద సుద్దతో గీత గీసి, సైకిల్ మీద మనిషిని కూర్చోబెట్టి, ఒక చుట్టు దొర్లించి, గీత నేలని తాకిన రెండు చోట్ల మధ్య దూరం టేపుతో కొలవాలి. 2.2 మీటర్ల చక్రానికి సూత్రం తేలికే. ఇంజన్ ఆర్‌పీఎంని 0.132తో గుణించి, మొత్తం గేరు తగ్గింపుతో (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకెతో) భాగిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది.

ఇప్పుడు 5:1 గేర్ బాక్సు, ముందు 10 పళ్ళు, వెనక కిట్టుతో వచ్చే మామూలు 44 పళ్ళ చక్రం పెట్టారనుకోండి. మొత్తం తగ్గింపు 22. 4000 ఆర్‌పీఎం దగ్గర వేగం 24 కి.మీ. అంటే 24 కి.మీ. వేగం అందుకునేదాకా క్లచ్ పూర్తిగా పట్టనే పట్టదు. ఎదురుగాలిలో ఆ వేగం అందదు, డ్రమ్ము వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది, మాడు వాసన వస్తుంది. "చిన్న ఇంజన్, లాగలేదు" అంటారు గానీ తప్పు ఇంజన్‌ది కాదు, పళ్ళది. వెనక 56 పళ్ళు పెడితే తగ్గింపు 28 అవుతుంది, క్లచ్ 19 కి.మీ. దగ్గర పడుతుంది. ముందు 10 తీసి 9 పళ్ళు పెడితే 31 వస్తుంది, క్లచ్ 17 దగ్గరే పడుతుంది, 7000 ఆర్‌పీఎం దగ్గర వేగం 30 కి.మీ. ఒక్కరే తిరిగేవాళ్ళకి 28 బాగుంటుంది. చెరువుల మీదకి మేత బస్తాలు మోసేవాళ్ళూ కొబ్బరికాయలు మోసేవాళ్ళూ 31కే వెళ్ళండి. 9 పళ్ళ చక్రం చైన్‌ని కాస్త తొందరగా అరగదీస్తుంది, అయినా క్లచ్ కన్నా చైన్ చవక. ఏది పెట్టినా నిలబడ్డ చోటి నుంచి ఇంజన్‌తో లాగించకూడదు. తొక్కి 10 కి.మీ. వేగం వచ్చాకే యాక్సిలేటర్ తిప్పాలి.

టైరుని రుద్దుతూ తిప్పే రోలర్ కిట్టు చవక, బిగించడం అరగంట పని. 25 మి.మీ. రోలర్ వేస్తే లెక్క కూడా 28కి దగ్గరగా వస్తుంది. కానీ వానలో జారుతుంది, రేగడి మట్టి అంటుకుంటే అసలే పట్టదు, టైరుని తినేస్తుంది. కాలవ గట్ల మీద తిరిగే బండికి వద్దు.

ఇక వెనక చక్రం. బజార్లో దొరికే కిట్టులో పళ్ళ చక్రాన్ని పుల్లలకే బిగిస్తారు: పుల్లలకి అటూ ఇటూ రెండు రబ్బరు బిళ్ళలు, మూడు ఇనప ముక్కలు, 9 బోల్టులు. ఇది 36 పుల్లల చక్రం కోసం చేసినది. పక్కకి 18 పుల్లలు, వాటి సందుల్లో 9 బోల్టులు సమానంగా కూర్చుంటాయి. మన నల్ల పెద్ద సైకిల్‌కి ముందు 32, వెనక 40 పుల్లలు. పక్కకి 20 పుల్లలుంటే 9 బోల్టులు సమానంగా కుదరవు. ఏదో ఒక బోల్టు పుల్ల మీదకి వచ్చి దాన్ని వంచుతుంది, పళ్ళ చక్రం ఒక పక్కకి జరిగి తిరుగుతుంది, ప్రతి చుట్టులోనూ చైన్ ఒకసారి బిగిసి ఒకసారి వదులవుతుంది. కొన్నాళ్ళకి హబ్బు (చక్రం నడిమి గొట్టం) అంచు దగ్గర పుల్లలు ఒకటొకటిగా తెగుతాయి.

దీనికి సరైన దారి హబ్బుకే పట్టే రెండు ముక్కల క్లాంపు. పెద్ద సైకిల్ హబ్బు నడుం సన్నం, క్లాంపు రంధ్రం పెద్దది. మధ్య ఖాళీకి లేతు మీద రెండు ముక్కల బుష్ తిప్పించుకోవాలి. హబ్బుని వర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల కొలిచి ఆ కొలతలు లేతు మనిషికి ఇవ్వండి, కంటి అంచనాతో ఒప్పుకోకండి. బిగించాక చక్రం తిప్పుతూ పళ్ళ అంచు దగ్గర పెన్సిల్ పట్టి చూడండి. పైకీ కిందకీ తేడా 1 మి.మీ. లోపు ఉండాలి. అంతకన్నా ఉంటే విప్పి మళ్ళీ బిగించాలి. పుల్లలు కూడా 14 గేజి, అంటే 2 మి.మీ.వి తీసేసి 12 గేజి, 2.6 మి.మీ.వి వేయించండి. అయితే హబ్బు రంధ్రాల్లో అవి దూరతాయో లేదో ఒక పుల్లతో చూసుకున్నాకే మొత్తం కొనండి.

గేర్ల సైకిల్‌కి డిస్క్ బ్రేకు హబ్బు ఉంటే పని ఇంకా సులువు. ఎడమ వైపు డిస్క్ ఉండే చోట, 44 మి.మీ. వృత్తం మీద ఉన్న 6 బోల్టులకే పళ్ళ చక్రం అడాప్టర్ బిగుస్తుంది. అలా చేస్తే వెనక బ్రేకు పోతుంది. ఫ్రేముకి రిమ్ము బ్రేకు పెట్టే వీలుంటేనే ఈ దారి పట్టండి.

చైన్ విషయంలో ఒక్క మాట. కిట్టులో వచ్చేది 415 చైన్, పిచ్ (పిన్ను నుంచి పిన్నుకి దూరం) అర అంగుళం. సైకిల్ చైన్ పిచ్ కూడా అంతే, కానీ లోపలి వెడల్పు తక్కువ, కాబట్టి ఒకదాని బదులు ఒకటి పనికిరాదు. ముందు పళ్ళు, వెనక పళ్ళు ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం లాగి చూడండి. చైన్ మధ్యలో వేలితో నొక్కితే 12 నుంచి 15 మి.మీ. దిగాలి. కిట్టుతో ఒక చిన్న గిలక ఇస్తారు, ఫ్రేము గొట్టానికి బిగించి చైన్‌ని నొక్కి ఉంచడానికి. దాన్ని నమ్మకండి. అదురుకి అది గొట్టం మీద తిరిగి పుల్లల్లో పడుతుంది, చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. ఇరుసుని స్లాటులో వెనక్కి లాగి చైన్ బిగించండి, చాలకపోతే అర లింకు వేయండి.

కొత్త ఇంజన్ కొనేముందు మూడు కొలతలు రాసుకుని షాపుకి వెళ్ళండి: గేర్ బాక్సులోని క్లచ్ డ్రమ్ము లోపలి కొలత, ఇంజన్ బిగించే బోల్టుల మధ్య దూరం, ఫ్రేములో దొరికే ఖాళీ. డ్రమ్ములు 54, 76, 78 మి.మీ. అని రకరకాలుగా వస్తాయి. 76కీ 78కీ కంటికి తేడా తెలియదు, బిగించాక తెలుస్తుంది. పెద్ద సైకిల్ పెడల్ కాటర్ పిన్నుతో ఉంటుంది కాబట్టి కిట్టులో ఇచ్చే వెడల్పు పెడల్ రాడ్డు దానికి పట్టదు. ఇంజన్ వెడల్పుకి కాలు తగులుతుంటే వెనక బరువు పెట్టే క్యారియర్ మీద బిగించడమే మేలు. అప్పుడు మోత స్థలం పోతుంది. కాలికి చోటూ మోత స్థలమూ రెండూ కావాలంటే 250 వాట్ల హబ్బు మోటారు (చక్రం మధ్యలోనే ఉండే కరెంటు మోటారు) వైపు చూడండి. 25 కి.మీ. వేగం దాటని ఆ బండికి కూడా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎదురుగాలిలో మాత్రం మీరూ తొక్కాల్సి వస్తుంది.

బ్రేకులు. పెద్ద సైకిల్ రాడ్డు బ్రేకులు తడి ఇనప రిమ్ము మీద ఎంత బలహీనమో చెప్పక్కర్లేదు. ముందు చక్రానికైనా కేబుల్ బ్రేకు పెట్టించాకే ఇంజన్ బిగించండి. యాక్సిలేటర్ పిడికి 22 మి.మీ. గొట్టం కావాలి, రాడ్డు బ్రేకు హ్యాండిల్ మీద దానికి చోటు దొరకదు కూడా. ఆ లెక్కన హ్యాండిల్ ఎలాగూ మార్చాల్సిందే.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కిట్టులో ఇచ్చే పల్చటి పారదర్శక గొట్టం దానికి గట్టిపడి పగులుతుంది. ఇథనాల్‌కి ఆగే రబ్బరు గొట్టం వేయండి. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన తేమ సంగతి తెలిసిందే. వారం పైన బండి తీయని పక్షంలో ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి. నరసాపురం దగ్గర గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు పెట్రోలు కుళాయి కట్టేయండి. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో అల్యూమినియం బాడీలో ఇనప బోల్టులు పట్టేసి, విప్పబోతే తెగుతాయి. బిగించేటప్పుడే మరలకి గ్రీజు రాస్తే ఆ బాధ ఉండదు. అదురుకి వదులయ్యే చోట్ల నైలాన్ నట్లు వాడండి.

మొదటి 20 కి.మీ. తిరిగాక ఇంజన్ బోల్టులు, క్లాంపు, పుల్లలు అన్నీ చల్లారాక మళ్ళీ బిగించాలి. 100 కి.మీ. దగ్గర ఇంకోసారి. జీఎక్స్25లో ఆయిల్ పట్టేది 80 మి.లీ. మాత్రమే. మొదటి 10 గంటలకి ఒకసారి, ఆ తర్వాత 50 గంటలకోసారి మార్చాలి, రోజూ బయల్దేరేముందు మట్టం చూడాలి. పుల్లల్ని రెండేసి చొప్పున వేళ్ళతో నొక్కుతూ చక్రం చుట్టూ రండి. ఎక్కడైనా వదులు తగిలితే ఆ రోజే బెండు తీయించండి.