గరిక పీకిన చేతులు

మన బ్యాచ్‌వాళ్ళకు కళాశాల ఆఫీసు గది ముందరి పచ్చిక గుర్తుండే ఉంటుంది. బతికింది మూడు నెలలే కాబట్టి మరిచిపోయినా తప్పులేదు. ఎవరో పెద్దవారు వస్తున్నారని జనవరిలో నర్సరీ నుంచి లారీలో తెచ్చి పరిచారు. ఏప్రిల్‌లో బోరు అడుగంటింది. హనుమకొండ ఎండల సంగతి మీకు చెప్పాలా? మే నాటికి పచ్చిక కాస్తా చుట్టి పక్కన పెట్టదగ్గ చాప అయింది.

అది పరచకముందు అక్కడున్న గరికను పీకింది మేమే. వృక్షశాస్త్రం చదువుతున్నారు కదా, గడ్డి మీ పాఠమేగా అని పారలు చేతికిచ్చారు. జూన్‌లో రెండు వానలు పడ్డాయో లేదో, ఆ చాపను చీల్చుకుని గరిక మళ్ళీ లేచింది. బాటనీ సార్ మా చేత ఒక దుబ్బు తవ్వించారు. మూరెడు లోతుకు వెళ్ళినా నేలలోపల పాకే తెల్లటి కాండం వస్తూనే ఉంది. "పైన కాలిపోతుంది, కింద నిద్రపోతుంది. దీని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టైలాన్ అని పరీక్షలో రాస్తారు సరే, మీ నాయన చెలకలో దీన్ని ఎన్ని తిట్లు తిట్టాడో అది కూడా రాయండి" అన్నారు. ఆయన వేళాకోళంలోనే పాఠం ఉండేది.

ఆ గరికే నన్ను అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రం చేర్చింది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, తక్కువ నీటితో బతికే ఆటస్థలాల గడ్డి మీద పని. వాళ్ళు బెర్ముడా గడ్డి అంటారు, మన గరికనే ఆఫ్రికాలోని దాని దాయాదితో కలిపి సంకర రకాలు తీస్తారు. మా అమ్మకు ఫోనులో చెబితే, "చేనులో పీకమంటే పారిపోయేవాడివి, పెంచడానికి అంత దూరం వెళ్ళావా బిడ్డా?" అంది.

మా మడుల పక్కన పట్టాల మీద కదిలే రేకుల కప్పు ఒకటి ఉండేది. చినుకు పడగానే దాన్ని జరిపి గడ్డికి వాన తగలకుండా చూడాలి. వానకోసం కప్పతల్లి ఆట ఆడిన ఊరివాణ్ణి, వానకు అడ్డంపడటం నా ఉద్యోగమైంది! ఆవిరైపోయే నీటిలో సగమే ఇస్తే ఏ రకం ఎన్నాళ్ళు పచ్చగా ఉంటుందో రాసుకునేవాళ్ళం.

ఒకసారి పొలం చూడవచ్చిన గోధుమ రైతు నిలదీశాడు: మా పన్ను డబ్బు బంతాటల గడ్డికా? నా దగ్గర జవాబు లేదు. తర్వాత తట్టింది. గడ్డి అమ్మేవాడికి అది చస్తేనే మళ్ళీ బేరం. ఒక రకం బయటికి రావడానికి పదేళ్ళు పట్టినా ఓపిక పట్టేది ప్రజల సొమ్మే. 2010లో అమెరికా వ్యవసాయ శాఖ కరువును తట్టుకునే గడ్డి కోసం దక్షిణాదిలోని ఐదు విశ్వవిద్యాలయాలకు కలిపి డబ్బిచ్చింది ఇందుకే. 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు చేయి అందించిన అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం కూడా అలా ప్రజల సొమ్ముతో నిలిచినదే.

అయినా ఆ రైతును తప్పుపట్టలేను. నెవాడా రాష్ట్రం 2021లో చట్టం చేసి, ఎవరూ నడవని అలంకారపు గడ్డికి 2026 చివరి తర్వాత కొలరాడో నది నీరు పెట్టకూడదంది. నాకైతే అదీ సబబే. పిల్లలు ఆడేచోట గడ్డి కావాలి, ఆఫీసు గుమ్మం ముందు అక్కరలేదు.

ఈ సంచిక నిధిలో మిగిలిన డబ్బుతో కళాశాల ముందర మళ్ళీ పచ్చిక పరుద్దామని మన వాట్సాప్ బృందంలో చదివాను. లారీ పిలవకండి. తొలి వానలు పడ్డాక చెరువుగట్టు నుంచి గరిక తెచ్చి, కణుపులుండేలా ముక్కలు చేసి, వెనుకనున్న ఆటస్థలంలో జానెడు దూరాన నాటండి. పారలు మన బ్యాచ్‌కే ఇవ్వండి, పీకినవాళ్ళం మేమే కదా.